కాపురమునకుఁ దగిన మోటారు నౌక

ఇల్లు విడిచి సంవత్సరము పొడవునను మోటారు నౌకయందే కాపురముండువారు ఐరోపా, అమెరికా ఖండములయందుఁ గొందఱు గలరు. అట్టి నౌకను గొనఁదలఁచువారిలోఁ బలువురు మొదట నడుగునది వేగము. ఇల్లు పరుగెత్తవలసిన పనియేమి?

నీటిని మెల్లగాఁ జీల్చుకొనిపోవు నౌకకు వేగపుమేర యొకటి గలదు. నీటిమట్టమున దాని పొడవెన్ని యడుగులో యా సంఖ్యయొక్క వర్గమూలమును 1.34 చే గుణింపుఁడు. పొడవు 36 అడుగులైనచో మూలము 6; వేగము గంటకు సుమారు 8 నాటికల్ మైళ్లు. ఈ మేర బాగుగా దాఁటవలెనన్న నౌక నీటిపైకి లేవవలెను. అందులకు గొప్ప యింజనును, విస్తారమైన డీసెలును గావలెను. పైఁగా బరువెక్కినకొలఁది యది లేవఁజాలదు. సంసారమన్ననో బరువే: మంచినీరు, పాత్రలు, పుస్తకములు, చలిబట్టలు! కావున నివాసమునకు మెల్లని నౌకయే మేలు. అమెరికా నావికాదళమునఁ బనిచేసిన రాబర్టు బీబీ తానే రూపుగీసి, 1963 లో సిద్ధపఱచుకొన్న 50 అడుగుల 'పాసేజ్‌మేకర్' ఈ తీరు నౌకయే. దానితో నాతఁడు మహాసముద్రములు దాఁటెను.

కొనఁబోవువాఁడు సోఫాలను జూచి మురియక, ఇంజను గదిలోనికి దిగి, యింజనుకు రెండు ప్రక్కలను జేయి యందునో లేదో చూడవలెను. పైకము చెల్లింపకమున్నే నౌకను గట్టుపైకెత్తించి, అడుగుభాగమును స్వతంత్రుఁడగు సర్వేయరుచేఁ బరీక్షింపించవలెను. శీతకాలమున శ్వాసావిరియు, వంటయావిరియుఁ జల్లని గోడలపై నీరై పఱుపుల క్రింద బూజు పట్టును. గాలిదారులు చాలినన్ని యుండవలెను. వాసనలేని కర్బన మోనాక్సైడు నిద్రించువారి ప్రాణములు దీయఁగలదు. దానిఁ గనిపెట్టి మ్రోఁగు యంత్రము పడకగదియందుఁ దప్పక యుండవలెను.

అన్ని రేవులును నౌకలో నివసింప ననుమతింపవు. ఇల్లమ్ముటకు ముందే రేవువారి యనుమతిని వ్రాఁతమూలముగాఁ బొందవలెను.