మీటరు వైరులో తడి చేరితే చెరువు లెక్క తప్పుతుంది

కైకలూరు: మబ్బు పట్టిన రోజున తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద రైతు చూసుకునేవి రెండే. చేప మూతి పైకెత్తి తేలుతోందా, ఆక్సిజన్ మీటరు ఎంత చూపిస్తోంది? చేప తేలేదాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమైపోయినట్టే. అందుకే రొయ్య రైతులే గాక బొచ్చె, శీలావతి పెంచేవాళ్లూ మీటరు దగ్గర పెట్టుకుంటున్నారు. అయితే మీటరు నిజం చెప్పాలంటే పెట్టె ఒక్కటీ బాగుంటే చాలదు. పెట్టెకూ నీళ్లలో ముంచే ప్రోబుకూ నడుమ ఉన్న వైరు బాగుండాలి. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఈ ప్రోబు అసలు పుట్టింది చెరువు కోసం కాదు. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ రోగి రక్తంలోని ఆక్సిజన్ కొలవడానికి దీన్ని తయారుచేసి 1956లో ప్రకటించారు. పల్చని ప్లాస్టిక్ పొర దాటి లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ని బట్టి అతి స్వల్పంగా కరెంటు పుడుతుంది. ఆంపియరులో పది లక్షల వంతు స్థాయిలో ఉండే ఆ కరెంటును మీటరు లెక్కగట్టి అంకె చూపిస్తుంది. ఇంత చిన్న కరెంటు నడిచే దారిలో ప్లగ్గు పిన్నుల మధ్య ఒక్క చెమ్మ చుక్క చేరినా చాలు, దొంగదారి ఏర్పడుతుంది. ఆసుపత్రిలో రోగి వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు వైరుకీ ఇదే జబ్బు. అక్కడ చెమట, తుడిచే మందు. ఇక్కడ బురద, ఉప్పు, సున్నపు నీళ్లు.

పొర ఉన్న ప్రోబుల్లో ఎక్కువగా వాడే పోలరోగ్రాఫిక్ రకంలో ఈ దొంగ కరెంటు కూడా ఆక్సిజన్ లెక్కలో కలిసిపోతుంది. అంటే చెరువులో 2 ఉంటే మీటరు 4 చూపవచ్చు. రైతు ఏరియేటర్లు వేయకుండా పడుకుంటాడు. వైరు తెగితే అంకె గంతులు వేస్తుంది, లేదా సున్నా చూపుతుంది. అప్పుడు కనీసం అనుమానమన్నా వస్తుంది. తడి అలా కాదు, మంచి అంకె చూపి మోసం చేస్తుంది. లీటరుకు 5 మి.గ్రా. పైన ఉంటే నిశ్చింత. 3కి దిగిందంటే మేత ఆపి ఏరియేటర్లు తిప్పాల్సిందే. ఈ రెండు అంకెల మధ్యే పంట అంతా ఉంది.

పీహెచ్ మీటరుది ఇంకో తమాషా. దాని ప్లగ్గులో చెమ్మ చేరితే ఏ నీళ్లలో ముంచినా 7 దగ్గరే నిలబడిపోతుంది. పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ పెరగాలి. పొద్దున్నా 7, మధ్యాహ్నమూ 7 అంటే చెరువు బాగుందని కాదు, ప్లగ్గు ఆరబెట్టమని.

పరీక్ష ఇలా

ప్రోబును తడిగుడ్డ లోపల, నీళ్లు తగలకుండా గాలిలో ఉంచాలి. 30 డిగ్రీల వేడిలో మంచినీటి లెక్కన 7.5 దరిదాపు చూపాలి. ప్రోబు కదలకుండా పట్టుకుని, ప్లగ్గు మెడ దగ్గరా, ప్రోబు మెడ దగ్గరా వైరును మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. అంకె ఎగిరితే లోపల తీగ తెగుతోందన్నమాట. వైర్లు తెగేది ఎక్కువగా ఈ రెండు మెడల దగ్గరే. సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో ముంచితే సున్నాకు రావాలి. రాకపోతే ముందు పొర మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే ప్లగ్గునో వైరునో అనుమానించాలి.

ప్రోబును వైరు పట్టుకుని చెరువులోకి దించకూడదు. సన్నతాడు కట్టి బరువు తాడు మీద ఉంచాలి. పని అయ్యాక మోచేతికి బిగుతుగా చుట్టేస్తుంటారు, అది మానాలి. వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టాలి. ఉప్పునీటి బోర్లు వాడే రొయ్యల చెరువులవాళ్లు ప్లగ్గు మూత బిగించి, ప్రోబునూ వైరునూ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ప్లగ్గులోని రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. వాజలీను వద్దు, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది.

వైరు తెగితే కొత్తది వేయించడమే మేలు. తప్పనిసరై అతికించాల్సి వస్తే, రాగి తళతళలాడే చోటుదాకా వెనక్కి కోయాలి. తడి వైరు తొడుగు కింద దూదిలో పాకినట్టు పాకుతుంది. నల్లబడిన రాగికి సోల్డరింగ్ అంటదు. పైన ఉండే జాలీ తీగనూ కలపాలి. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు కరిగి ఊడిపోతుంది. లోపల జిగురు ఉన్న, వేడి చేస్తే ముడుచుకునే స్లీవు తొడగాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పేస్టు వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. ఇంత చేసినా జాయింటు నీటి మట్టానికి పైనే ఉండాలి. గుంజకు బిగించిన మీటరైతే వైరును పెట్టె కన్నా కిందకు వంపుగా వదిలి, అడుగు నుంచి లోపలికి ఎక్కించాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

మీటరు వైరు చెడితే పోయేది పంట. ఏరియేటర్ వైరు చెడితే మనిషే పోతాడు. చెరువుల్లో కరెంటు షాకుతో ప్రాణాలు పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అయినా ఏరియేటర్లకు వేలకు వేలు పోసేవారు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసే బ్రేకరు దగ్గర వెనకాడుతుంటారు. ఇది పొదుపు కాదు. బ్రేకరుతో పాటు ఎర్తింగు ఉండాలి, నీళ్లలో జాయింటు ఉండకూడదు, చెరువులో దిగేముందు మెయిన్ ఆపేయాలి. బ్రేకరు మీద ఉండే టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూసుకోవాలి. నొక్కినా పడలేదంటే అది ఉన్నా లేనట్టే, అదే రోజు మార్పించుకోవాలి.

పొర లేని, కాంతితో కొలిచే కొత్త ప్రోబులు కొంటున్నవాళ్లు ఈ బెడద తమకు లేదనుకోవద్దు. వాటికీ వైరు, ప్లగ్గు ఉన్నాయి. కొనేటప్పుడే చెరువు లోతుకు సరిపడా వైరు ఉన్నదా, వైరు విడిగా దొరుకుతుందా అని షాపువాణ్ణి అడిగి తెలుసుకోండి.