రిపోర్టు గంటలో వస్తే మందు ఎప్పుడు మారుతుంది?

దక్షిణ ఢిల్లీ సాకేత్‌లోని మ్యాక్స్ లాంటి పెద్ద ఆసుపత్రికి రాత్రిపూట చలిజ్వరంతో, పడిపోతున్న బీపీతో ఒక రోగి వచ్చాడనుకుందాం. రక్తంలోకి బ్యాక్టీరియా చేరిందని డాక్టర్ అనుమానం. అదేదో, ఏ మందుకు లొంగుతుందో తెలియదు. ఆగే వీలూ లేదు. సెప్టిక్ షాక్‌లో సరైన యాంటీబయాటిక్ ఆలస్యమయ్యే ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గినట్టు 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అందుకే కల్చర్‌కు రక్తం తీసి, అంచనా మీదే బలమైన మందు మొదలుపెడతారు.

ఆ అంచనా మన దేశంలో తరచూ తప్పుతుంది. చివరి అస్త్రంగా దాచుకునే కార్బాపెనెమ్‌లను సైతం విరగ్గొట్టే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ పేరులోనే న్యూఢిల్లీ ఉంది. ఇక్కడ చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగిలో 2008లో అది బయటపడింది. ఆ పేరు పెట్టడంపై మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది గానీ, పేరు ఏదైనా బ్యాక్టీరియా మాత్రం ఇక్కడే ఉంది.

మామూలు పద్ధతిలో రక్తం సీసాలో బ్యాక్టీరియా పెరగాలి, తర్వాత ప్లేట్ మీద పెరగాలి, ఆపైన మందులతో పరీక్షించాలి. మొత్తం రెండు మూడు రోజులు. మల్టీప్లెక్స్ పీసీఆర్‌తో, సీసా పాజిటివ్ అయ్యాక సుమారు గంటలో బ్యాక్టీరియా పేరు, ముఖ్యమైన నిరోధక జన్యువులు తెలుస్తాయి. ఇది చిన్న విషయం కాదు. ఓఎక్స్‌ఏ-48 జన్యువైతే సెఫ్టాజిడైమ్-అవిబాక్టామ్ సాధారణంగా పనిచేస్తుంది. ఎన్‌డీఎం అయితే అదొక్కటే చాలదు, అజ్‌ట్రియోనామ్ కలపాల్సి వస్తుంది. అయితే జన్యువు కనబడనంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు, నిరోధకతకు వేరే దారులూ ఉన్నాయి. కల్చర్ మానేయడం కుదరదు.

ఖరీదైన కిట్ లేని ల్యాబ్‌కూ ఒక మార్గం ఉంది. యూరప్ నిపుణుల సంస్థ యూకాస్ట్ పద్ధతిలో, పాజిటివ్ సీసాలోని రక్తాన్నే ప్లేట్ మీద పరిచి, యాంటీబయాటిక్ డిస్కులు పెట్టి, 4 నుంచి 8 గంటల్లో ఫలితం చదవొచ్చు.

యంత్రం ఒక్కటే చాలదని అమెరికాలో 617 మందిపై జరిపి 2015లో ప్రచురించిన ట్రయల్ తేల్చింది. మామూలు పద్ధతిలో అనవసరమైన బలమైన మందు తగ్గించడానికి 34 గంటలు పట్టింది. పీసీఆర్ పెట్టినా 38 గంటలే. ఫలితం రాగానే యాంటీబయాటిక్ నిపుణులు డాక్టర్‌కు సలహా ఇచ్చిన చోట 21 గంటలకు దిగింది. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. కిట్ కొనే ఆసుపత్రి ముందు అడగాల్సింది, తెల్లవారుజామున రెండింటికి ఫలితం వస్తే ఐసీయూకి ఫోన్ చేసేదెవరని.