ఎంబీఏలో చేరుతున్నారా? ఫీజు కట్టే ముందు ఈ లెక్కలు చూసుకోండి.. అసలు అక్కడ ఏం నేర్పుతారంటే?

డిగ్రీ అయిపోయింది.. తర్వాత ఏంటి? ఈ ప్రశ్నకు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది చెప్పే సమాధానం ఒకటే.. ఎంబీఏ. బీకాం చదివినవాళ్లూ, బీఎస్సీ చేసినవాళ్లూ, బీటెక్ పూర్తి చేసినవాళ్లూ ఇటువైపే చూస్తున్నారు. కానీ ఈ రెండేళ్ల చదువులో ఏం నేర్పుతారు? ఏ పరీక్ష రాయాలి? లక్షల్లో ఫీజు కట్టి, లోన్ తీసుకుని చేరితే తిరిగి వస్తుందా? ఇవి తేల్చుకోకుండానే చాలామంది సీటు తీసుకుంటున్నారు. ఆ తర్వాత ఈఎంఐలు కట్టలేక ఇబ్బంది పడేది విద్యార్థి ఒక్కడే కాదు, ఇల్లంతా.

ఈ చదువు మనకు కొత్తదేం కాదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది 1961లో. అంటే ఐఐఎంల కన్నా ముందే తెలుగు నేల మీద మేనేజ్‌మెంట్ క్లాసులు జరిగాయన్నమాట. హైదరాబాద్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో, విశాఖలో ఐఐఎం 2015లో మొదలయ్యాయి.

అసలు ఏం నేర్పుతారు?

మొదటి ఏడాది అందరికీ ఒకే సబ్జెక్టులు. అకౌంట్స్, ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్. మొదటి ఏడాది తర్వాత వేసవిలో ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌షిప్. రెండో ఏడాది నచ్చిన విభాగాన్ని స్పెషలైజేషన్‌గా ఎంచుకోవాలి.

పేర్లు వింటే భారీగా ఉంటాయి కానీ విషయం మన వీధి చివర కర్రీ పాయింట్ దగ్గరే అర్థమవుతుంది. షాపు అద్దె 20 వేలు, ఇద్దరు పనివాళ్ల జీతాలు 40 వేలు, కరెంటు, ఇతర ఖర్చులు 15 వేలు. మొత్తం నెలకు 75 వేలు. కూర అమ్ముడైనా, అవ్వకపోయినా ఇది కట్టాల్సిందే. ఒక్కో ప్యాకెట్ ధర 40 రూపాయలు, సరుకుల ఖర్చు 25. అంటే ప్యాకెట్‌కు మిగిలేది 15. ఈ లెక్కన నెలకు 5 వేల ప్యాకెట్లు, రోజుకు దాదాపు 167 అమ్మితేనే ఖర్చులు పూడతాయి. ఆ తర్వాత అమ్మినదానిపైనే లాభం. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు.

ఇప్పుడు డెలివరీ యాప్‌లో పెడదామనుకున్నారు. యాప్ 20 శాతం కమీషన్ తీసుకుంటే ప్యాకెట్‌కు 8 రూపాయలు పోతాయి. మిగిలేది 7 రూపాయలే. అమ్మకాలన్నీ యాప్ ద్వారానే అయితే నష్టం రాకుండా ఉండాలంటే నెలకు 10,700కు పైగా ప్యాకెట్లు అమ్మాలి. అమ్మకాలు పెరిగాయని సంబరపడేలోపు లాభం మాయమవుతుంది. మరి ధర పెంచాలా? యాప్‌లో వేరే మెనూ పెట్టాలా? అసలు యాప్‌లోకి వెళ్లకూడదా? క్లాసులో చర్చ ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో చిక్కు. ఒక హాస్టల్ రోజుకు 200 ప్యాకెట్లు కావాలంది, డబ్బులు నెలాఖరుకు ఇస్తామంది. కాగితం మీద మంచి బేరమే. కానీ డబ్బులు చేతికొచ్చేలోపు సరుకులకే లక్షన్నర జేబులోంచి పెట్టాలి. ఆ డబ్బు లేకపోతే లాభాల్లో ఉన్న షాపు కూడా మూతపడుతుంది. దీనికి క్లాసులో పెట్టిన పేరు వర్కింగ్ క్యాపిటల్.

ఇలా ఒక వ్యాపార సమస్యను ముందు పెట్టి, నువ్వైతే ఏం చేస్తావని అడగడమే కేస్ స్టడీ పద్ధతి. అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూల్ దీన్ని ప్రసిద్ధం చేసింది. దాని సహకారంతో మొదలైన ఐఐఎం అహ్మదాబాద్ మన దగ్గరకు తెచ్చింది. ఇందులో ఒకే సరైన సమాధానం ఉండదు. ఎంచుకున్న దారికి కారణం చెప్పగలగాలి, ఎదుటివాళ్ల ప్రశ్నలకు నిలబడాలి. అందుకే నోట్సు బట్టీపట్టి పాసయ్యే కాలేజీకీ, రోజూ చర్చలు జరిగే కాలేజీకీ మధ్య తేడా చాలా ఉంటుంది. చేతికి వచ్చే పట్టా మీద మాత్రం రెండుచోట్లా ఎంబీఏ అనే రాసి ఉంటుంది.

ఐసెట్టా? క్యాటా?

రాష్ట్ర స్థాయిలో దారి ఐసెట్. ఏపీ, తెలంగాణ వేర్వేరుగా నిర్వహిస్తాయి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. జనరల్, బీసీ అభ్యర్థులకు 25 శాతం, అంటే 50 మార్కులు వస్తే ర్యాంకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు.

జాతీయ స్థాయిలో క్యాట్. ఏటా నవంబర్ చివర్లో జరుగుతుంది. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. సరైన సమాధానానికి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పయితే 1 మార్కు కోత. ఇది ఐఐఎంలకే అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఎంబీఏకు క్యాట్ స్కోరే చూస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ నిర్వహించే జాట్, ఎన్‌టీఏ నిర్వహించే సీమ్యాట్ లాంటివి మిగతా దారులు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో ఏడాది కోర్సు ప్రధానంగా ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ల కోసం. దానికి జీమ్యాట్ లాంటి స్కోరు కావాలి.

ఇంటర్ నుంచే ఇటు రావాలనుకునేవాళ్లకు ఐదేళ్ల ఐపీఎం ఉంది. ఐఐఎం ఇందౌర్ 2011లో దీన్ని మొదలుపెట్టింది. మామూలు డిగ్రీ కాలేజీల్లో బీబీఏ కూడా ఉంది. 2024-25 నుంచి ఈ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి.

ఎంబీఏ, పీజీడీఎం.. తేడా ఏంటి?

ఎంబీఏ అనేది డిగ్రీ. యూనివర్సిటీ గానీ, చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థ గానీ ఇవ్వాలి. పీజీడీఎం అనేది డిప్లొమా. ఏఐసీటీఈ అనుమతి ఉన్న స్వతంత్ర సంస్థలు ఇస్తాయి. ఐఐఎంలు కూడా చాలాకాలం డిప్లొమానే ఇచ్చాయి. 2017 నాటి ఐఐఎం చట్టం 2018 జనవరి 31న అమల్లోకి వచ్చాకే వాటికి డిగ్రీ ఇచ్చే అధికారం దక్కింది. కంపెనీలు ఈ తేడాను పెద్దగా పట్టించుకోవు, కాలేజీ పేరే చూస్తాయి. కానీ రేపు పీహెచ్‌డీకో, ప్రభుత్వ ఉద్యోగానికో వెళ్లాలనుకుంటే మాత్రం ఆ పీజీడీఎంకు ఎంబీఏతో సమాన గుర్తింపు ఉందా, లేదా అన్నది ముందే అడగాలి.

ఆన్‌లైన్ ప్రకటనలతో మరింత జాగ్రత్త అవసరం. '10 రోజుల్లో ఎంబీఏ' లాంటి పేర్లతో వచ్చే కోర్సులను నమ్మొద్దని 2024లో యూజీసీనే హెచ్చరించింది. దూరవిద్య, ఆన్‌లైన్ ఎంబీఏలకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

'సగటు ప్యాకేజీ' వెనుక అసలు కథ

కాలేజీ బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది సగటు ప్యాకేజీ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పది మంది విద్యార్థులున్నారనుకుందాం. తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున, ఒక్కరికి 40 లక్షల ప్యాకేజీ వచ్చింది. సగటు 7.6 లక్షలు. కానీ ఆ క్లాసులో 7.6 లక్షలు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు! జీతాలను వరుసగా పేర్చి మధ్యలో ఉన్నది చూస్తే 4 లక్షలే. దాన్నే మీడియన్ అంటారు. అడగాల్సింది ఆ అంకె.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే సంస్థలు ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత అనే వివరాలు సమర్పించాలి. అవి అందరూ చూసేలా అందుబాటులో ఉంటాయి. బ్రోచర్ పక్కన ఆ వివరాలు పెట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ప్యాకేజీలో ఎంత భాగం ఖాయం, ఎంత టార్గెట్ మీద ఆధారపడిందన్నది కూడా సీనియర్లను అడిగితే తెలుస్తుంది.

లోన్ తీసుకుంటే భారం ఎంత?

పేరున్న ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. ప్రైవేటు పీజీడీఎం సంస్థల్లో కూడా చాలాచోట్ల లక్షల్లోనే ఉంటుంది. 10 లక్షల రుణాన్ని 10 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 13,200 కట్టాలి. మొత్తం మీద తిరిగి కట్టేది 15.8 లక్షలకు పైనే. చదువుకునే కాలంలో పడే వడ్డీ దీనికి అదనం. 4 లక్షల ప్యాకేజీ ఉద్యోగంలో చేతికొచ్చేది నెలకు 30 వేలకు కాస్త అటూఇటూ. అందులో 13 వేలు ఈఎంఐకి పోతే హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో అద్దె కట్టి బతకడం కష్టమే.

ఉద్యోగం మానేసి చదివేవాళ్లు ఇంకో లెక్క కలుపుకోవాలి. నెలకు 20 వేలు వచ్చే ఉద్యోగం రెండేళ్లు వదులుకుంటే 4.8 లక్షలు. ఇది కూడా చదువు ఖర్చే.

ఊరటనిచ్చే విషయాలూ ఉన్నాయి. పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికైన సంస్థల్లో సీటు వస్తే పూచీకత్తు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు అందనివాళ్లకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది.

ఐసెట్ కన్వీనర్ కోటా సీట్లకు ఫీజును నియంత్రణ కమిటీ నిర్ణయిస్తుంది. అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంతవరకు వర్తిస్తుందన్నది రెండు రాష్ట్రాల్లో వేర్వేరు. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. బకాయిలు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయన్న ఫిర్యాదులు తరచూ వినిపిస్తున్నాయి. అయితే విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. చేరేటప్పుడు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి.

చివరగా..

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. కోర్సుకు గుర్తింపు ఉందా? మీడియన్ జీతం ఎంత? హాస్టల్‌తో కలిపి మొత్తం ఖర్చెంత? నెలకు ఈఎంఐ ఎంత? మీడియన్ జీతంలో ఈఎంఐ సగం దాకా మింగేస్తుంటే ఆ సీటు వదులుకుని, ఒక ఏడాది ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ పరీక్ష రాయడంలో తప్పులేదు. ఏ సీటు వస్తే అందులో చేరిపోవడం కన్నా, పెట్టుబడికి ఎంత తిరిగొస్తుందో లెక్కేసుకోవడం మేలు. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లో నేర్పేది కూడా ఇదే.