ఐదో పుస్తకం దగ్గరే ఆగిపోయారా?

ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు మంత్రాల కథలేంటి అనుకుంటున్నారా? పరీక్షలు, కెరియర్‌ గురించి మీలాగే హ్యారీ పోటర్‌ కూడా తల పట్టుకున్నాడు. ఆ కథ ఉన్నది ఐదో పుస్తకంలోనే!

హైస్కూల్లో ఉన్నప్పుడు మొదటి పుస్తకాలు గబగబా చదివేసి ఉంటారు. నాలుగోది ఎలాగో పూర్తిచేశారు. ఐదోది చూస్తే ఇటుకంత ఉంది. ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టేశారు. ఈలోగా ఇంటర్‌, ఎంట్రన్సులు, డిగ్రీ... ఇప్పుడది ఆప్టిట్యూడ్‌ పుస్తకాల అడుగున ఎక్కడో ఉండిపోయింది.

‘హ్యారీ పోటర్‌ అండ్‌ ది ఆర్డర్‌ ఆఫ్‌ ద ఫీనిక్స్‌’ 2003 జూన్‌ 21న విడుదలైంది. నాలుగో పుస్తకం తర్వాత దీనికోసం పాఠకులు మూడేళ్లు ఎదురుచూశారు. మొత్తం 38 అధ్యాయాలు. ఏడు పుస్తకాల్లో పెద్దది ఇదే. ‘సినిమా చూశాం కదా’ అంటారా? మీకు బాగా దగ్గరగా అనిపించే సన్నివేశం సినిమాలో లేదు మరి.

హాగ్వార్ట్స్‌లో కెరియర్‌ కౌన్సెలింగ్‌

ఐదో ఏడాదిలో విద్యార్థులకు ‘ఔల్స్‌’ అనే పెద్ద పరీక్షలుంటాయి. వాటికి ముందు రకరకాల ఉద్యోగాల కరపత్రాలు పంచి, ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడతారు. దుష్ట మాంత్రికులను పట్టుకునే ‘ఆరోర్‌’ అవుతానంటాడు హ్యారీ. ప్రొఫెసర్‌ మెక్‌గొనగల్‌ అర్హతలు చదివి వినిపిస్తుంది. పైస్థాయి పరీక్షల్లో కనీసం ఐదు పాసవ్వాలి. దేనిలోనూ రెండో గ్రేడుకు తగ్గకూడదు. ఆపై వ్యక్తిత్వ, సామర్థ్య పరీక్షలు, మూడేళ్ల శిక్షణ. అన్నట్టు గత మూడేళ్లుగా ఒక్కర్నీ తీసుకోలేదు! నోటిఫికేషన్‌ కోసం ఎదురుచూసే మీకు ఈ మాట కొత్తేమీ కాదుగా?

పక్కనే కూర్చున్న అంబ్రిడ్జ్‌ అడుగడుగునా దగ్గుతూ, నీకు ఆ అవకాశమే లేదంటుంది. మెక్‌గొనగల్‌ ఊరుకోదు. రాత్రిళ్లు కూర్చోబెట్టి చదివించైనా ఈ అబ్బాయిని గట్టెక్కిస్తానంటుంది. హ్యారీ మీద ఆమెకంత నమ్మకం ఉందని అప్పటిదాకా మనకూ తెలియదు.

థియరీ ఒక్కటే సరిపోతుందా?

ఆత్మరక్షణ మంత్రాలు నేర్పాల్సిన అంబ్రిడ్జ్‌ మంత్రదండాలు బ్యాగులో పెట్టించేస్తుంది. పుస్తకం చదివితే చాలు, పరీక్షలో మంత్రం దానంతట అదే వస్తుందంటుంది. రికార్డు నిండినా ల్యాబ్‌లో చెయ్యి తిరగని మన చదువు గుర్తొస్తోందా?

హెర్మయనీ ఒక దారి కనిపెడుతుంది. మనమే రహస్యంగా సాధన చేద్దాం, హ్యారీ నేర్పాలి అంటుంది. ‘నేను గట్టెక్కింది అదృష్టంతో, పక్కవాళ్ల సాయంతో’ అని హ్యారీ మొదట విరుచుకుపడతాడు. చివరికి ఒప్పుకొంటాడు. మొదటి పాఠంగా ఎదుటివారి దండాన్ని ఎగరగొట్టే చిన్న మంత్రం ఎంచుకుంటాడు. ‘ఇంతేనా!’ అని ఒకడు వెక్కిరిస్తాడు. నాలుగో పుస్తకం చివర హ్యారీ ప్రాణం కాపాడింది ఆ మంత్రమేనని మనకు తెలుసు. నలుగురు కలిసి మాక్‌ ఇంటర్వ్యూలు చేసుకునే మీ హాస్టల్‌ గది కూడా ఇలాంటిదే.

తర్వాతి భాగాల రుచే వేరు

మొదటి పుస్తకంలో నెవిల్‌ అంటే రైల్లో కప్పను పోగొట్టుకుని, చీపురు ఎక్కబోయి మణికట్టు విరగ్గొట్టుకున్న పిల్లాడు. ఐదో పుస్తకంలో ఒక రక్షణ మంత్రాన్ని హెర్మయనీ తప్ప మరెవరూ అతని కంటే త్వరగా నేర్చుకోలేకపోతారు. ఆ పేజీ దగ్గర మనసు ఉప్పొంగుతుంది. నేరుగా ఐదోది తెరిచినవాళ్లకు అదొక మామూలు వాక్యం. నాలుగు పుస్తకాలు వెంట నడిచిన మీకు మాత్రం పండగ.

హ్యారీ మాటిమాటికీ స్నేహితుల మీద అరుస్తాడు. పదమూడేళ్లప్పుడు చదివితే విసుగొస్తుంది. రెండు కంపెనీలు కాదన్నాక ఇంట్లోవాళ్ల మీద చిరాకుపడిన మీకు ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకో సంగతి. పానీయాల విద్యలో అత్యున్నత గ్రేడు వచ్చినవారినే స్నేప్‌ పైతరగతికి తీసుకుంటాడు. హ్యారీకి ఒక మెట్టు తక్కువొస్తుంది. ఇక ఆరోర్‌ ఆశ పోయినట్టే అనుకుంటాం. ఆరో పుస్తకంలో ఆ సబ్జెక్టుకు కొత్త మాస్టారొస్తారు. ఆయనకు ఆ గ్రేడు చాలు!

ఇలా మొదలుపెట్టండి

* నాలుగో పుస్తకం చివరి అధ్యాయాలు ఒకసారి తిరగేయండి.
* రోజుకో అధ్యాయం చాలు. 38 రోజుల్లో పూర్తవుతుంది. ప్రిపరేషన్‌ టైమ్‌ను తినేయనివ్వకండి.
* ఇంగ్లిష్‌లో చదువుతుంటే ప్రతి పదానికీ డిక్షనరీ తీయొద్దు. మంత్రాల పేర్లు కల్పితాలే, దాటేయండి.
* రెజ్యూమెలో హాబీ ‘రీడింగ్‌’ అని రాశారా? ‘ఈమధ్య ఏం చదివారు?’ అని అడిగితే నీళ్లు నమలకుండా మెక్‌గొనగల్‌ గది గురించి చెప్పండి.

ఈ పుస్తకం ఉద్యోగం తెచ్చిపెట్టదు. కానీ ఫలితాల కోసం ఎదురుచూసే రాత్రి, ఫోన్‌ను పదేపదే తడుముకోవడం కంటే ఒక అధ్యాయం నయం కదా!