జీవాల బేరంలో పారుడు రోగం: వర్తకులు ముక్కు, నోరు చూడాలి

తూప్రాన్: గొర్రెలు, మేకలు కొనేవారు పళ్లు చూసి, నడుము పట్టి ధర కడతారు. ముక్కు, నోరు చూడటం మరుస్తారు. పారుడు రోగం, అంటే పి.పి.ఆర్., తొలి గుర్తులు అక్కడే: తీవ్ర జ్వరం, ముక్కు కారటం, కళ్ళ పుసి, నోటిపుండ్లు, ఆపైన దుర్వాసనతో పారుడు. మన దేశంలో ఈ వైరస్ వ్యాధిని 1987లో తమిళనాడులో మొదట గుర్తించారు.

చిక్కేమంటే, సోకిన తర్వాత సాధారణంగా 4 నుంచి 6 రోజులు జీవం నిక్షేపంగానే కనిపిస్తుంది. సొమ్ము చెల్లించి, లారీ దించాక రోగం బయటపడితే అమ్మినవాడు దొరకటం కల్ల! కొత్త సరుకును 3 వారాలు విడిగా కడితే మేత ఖర్చు మాత్రమే; వెంటనే మందలో కలిపితే అసలుకే ఎసరు. టీకా ఒకసారి వేస్తే సుమారు 3 ఏళ్ళు పనిచేస్తుంది. టీకా వేసినట్టు పశువైద్యుని చీటీ వుంటే జీవానికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా గిట్టుబాటే.