నాడా ముడి కింద పుండు

నిర్మల్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ మీదుగా హింగన్‌ఘాట్ దాకా వెళ్తే అక్కడికి వార్ధా దగ్గరే. 2024లో వార్ధా డాక్టర్లు బిహార్ డాక్టర్లతో కలిసి ‘బీఎంజే కేస్ రిపోర్ట్స్’ అనే వైద్య పత్రికలో ఇద్దరు పెద్దావిడల సంగతి రాశారు. ఇద్దరికీ నడుము పక్కన మానని పుండే. ఒకావిడకు ఏడాదిన్నరగా, ఇంకొకావిడకు రెండేళ్లుగా ఉంది. ముక్క పరీక్ష చేస్తే చర్మ క్యాన్సర్ అని తేలింది.

ఎండ పొడ తగలని చోట చర్మ క్యాన్సర్ ఏమిటంటారా? లంగా నాడా ఏళ్లకేళ్లు ఒకే గీత మీద బిగిస్తే తోలు ఒరుసుకుపోతుంది. చెమటకు మండుతుంది, మానుతుంది, మళ్లీ రేగుతుంది. రెండో ఆవిడైతే లంగా కట్టనే లేదు. నలభై ఏళ్లుగా ఆమె కట్టింది లుగ్డా, అంటే మన సరిహద్దు ఊళ్లలోనూ కనిపించే మరాఠీ గోచి చీర. పంచె కట్టే మగవాళ్లకూ ఇలా వచ్చిన దాఖలాలున్నాయి. దీనికి పెట్టిన ‘చీర క్యాన్సర్’ అనే పేరు అందుకే నాకు మింగుడుపడదు. చీరేం చేసింది, పాపం!

పాత మచ్చల మీద, మానని పుండ్ల మీద పుట్టే ఈ క్యాన్సర్‌కు ఫ్రెంచ్ సర్జన్ మార్జోలిన్ పేరుంది. తమాషా ఏమిటంటే, 1828లో అలాంటి పుండ్ల గురించి రాసిన ఆయన వాటిని క్యాన్సర్ అనుకోనేలేదు.

ఆపరేషన్‌లో పుండొక్కటే తీస్తే సరిపోదు. చుట్టూ బాగున్న చర్మాన్ని కూడా, తరచుగా రెండు సెంటీమీటర్ల మేర, కలిపి కోస్తారు. కుట్లకు అందనంత గుంట పడితే తొడ మీంచి పల్చటి పొర గీసి అతికిస్తారు. ఆ తొడ రెండు వారాల్లో తనంతట తానే మానుతుంది. గజ్జల్లో బిళ్ళ కట్టిందేమో కూడా తడిమి చూస్తారు. వార్ధా పత్రంలోని రెండో ఆవిడకు జబ్బు అక్కడిదాకా పాకింది.

అలవాటు వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ ఇదొక్కటే కాదు. కశ్మీర్‌లో చలికి నిప్పుల కుంపటిని ఫెరన్ అనే వదులు అంగీ లోపల పెట్టుకుంటారు. దాని పేరు కాంగ్డీ. ఆ సెగకు పొట్ట మీద, తొడల మీద క్యాన్సర్ రావచ్చు.

చేసే పని వల్లా రావచ్చు. లండన్‌లో పొగగొట్టాలు తుడిచేవాళ్ల వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని పెర్సివల్ పాట్ 1775లోనే చెప్పాడు.

ఎండ తగలని చోట చర్మ క్యాన్సర్‌కు ఇంకో ఉదాహరణ గాయకుడు బాబ్ మార్లీ. ఆయనకు కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో డాక్టర్లు వేలు తీసేయాలంటే ఆయన ఒప్పుకోలేదు. గోరు, దాని కింది చర్మం మాత్రం తీసి తొడ చర్మం అతికించారు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.