పెదవి ముందు, పాట వెనక

నాలుగు నిమిషాల పాట. మొత్తం గ్రీన్ మ్యాట్ ముందు తీశారు. వెనక కొండలూ మబ్బులూ పెట్టి, ఫ్రేములన్నీ విడివిడి బొమ్మలుగా ఎడిటర్‌కు పంపాం. పల్లవి చక్కగా కలిసింది. మొదటి చరణంలో ఏదో తేడా. ఆఖరికి వచ్చేసరికి పెదవి ముందు కదులుతోంది, పాట వెనక వస్తోంది. “మీ గ్రాఫిక్స్ వల్లే సింక్ పోయింది బ్రో” అని ఫోను. రాత్రంతా ఆడియోను ముందుకూ వెనక్కూ జరుపుతూనే ఉన్నాం. ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడుతుంది. తెల్లారాక కాగితం తీసుకుని లెక్క వేస్తే రెండు నిమిషాల్లో దొంగ దొరికాడు. వాడి పేరు 0.024.

కెమెరా మెనూలో 24 అని ఉన్నా చాలా కెమెరాలు నిజానికి సెకనుకు తీసేది 23.976 ఫ్రేములు. 240 సెకన్ల పాటకు సుమారు 5,754 ఫ్రేములు వస్తాయి. వాటిని సెకనుకు 24 చొప్పున ఆడిస్తే 239.76 సెకన్లకే అయిపోతాయి. అంటే బొమ్మ పాటకన్నా 0.24 సెకను ముందుంటుంది, దాదాపు ఆరు ఫ్రేములు. ఒక్క ఫ్రేము తేడాను ఎవరూ పట్టించుకోరు. ఆరు తేడా ఉంటే మాత్రం డబ్బింగ్ సినిమాలా కనిపిస్తుంది.

వీడియో ఫైలులో దాని వేగం రాసి ఉంటుంది. విడి బొమ్మల వరసలో మామూలుగా అది ఉండదు, తెరిచినవాడు ఏ అంకె చెబితే అదే వేగం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అయితే మనం ఏమీ చెప్పకపోతే 30 అనుకుంటుంది. అదే నయం, బొమ్మ పరిగెత్తుతుంటే వెంటనే తెలిసిపోతుంది. 24కూ 23.976కూ మధ్య తేడా చాపకింద నీరు. గుర్తు పట్టే పద్ధతి ఒకటుంది. సింక్ తేడా మొదటినుంచీ ఒకేలా ఉంటే ఆడియో జరపండి. పోనుపోనూ పెరుగుతుంటే ఆడియో ముట్టుకోకండి, ఫ్రేమ్ రేటు చూడండి.

ఇంతకీ ఈ వంకర అంకె ఎక్కడిదంటే, 1953లో అమెరికాలో రంగుల టీవీ ప్రమాణం ఖరారు చేసినప్పటిది. రంగు సంకేతం ధ్వని సంకేతంతో గొడవ పడకుండా సెకనుకు 30 ఫ్రేముల వేగాన్ని 1001లో ఒక వంతు తగ్గించారు. 29.97 అయింది. 24 కూడా అదే లెక్కన 23.976కు దిగింది. మన టీవీది ఎప్పుడూ 25. ఆ పాత బేరం కెమెరాల్లో దాక్కుని మన పాటల దాకా వచ్చింది.

ఇంకో అంకె 6. ఇది పూర్తిగా మన బాధ. తెరమీద ‘స్త్రీ’ అనేది ఒక్క అక్షరం. కంప్యూటరుకు మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు ముక్కలు. లిరిక్ వీడియోలో ఒక్కో అక్షరం వెలిగేలా యానిమేషన్ పెడితే, టెక్స్ట్ ఇంజన్ లాటిన్ లెక్కలో ఉన్నప్పుడు ఆ ముక్కలు విడిపోతాయి. ఒత్తులు కిందికి దిగవు, పొల్లులు పక్కన నిలబడతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సుల్లోని టైప్ విభాగంలో దక్షిణాసియా భాషల ఇంజన్ ఎంచుకుని, మాటలు కొత్తగా టైపు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ మొండికేస్తే పదాలను ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్లుగా మార్చి తెచ్చుకోవడమే. పాత అను ఫాంట్లలో వచ్చిన స్క్రిప్టుది వేరే కథ. వాటిలో తెలుగు బొమ్మలు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో అద్దెకుంటాయి, ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే అద్దెదారు పోయి ఇంటాయన కనిపిస్తాడు. నన్నడిగితే తెలుగును అక్షరం అక్షరంగా కాదు, పదం పదంగా కదిలించడమే అందం.

రాత్రి ఆకాశం వేశాం, మెత్తగా ఉండాల్సిన చోట చారలు. కారణం 64. ఎనిమిది బిట్ల బొమ్మలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. మన ఆకాశం ఆ మూల 20 నుంచి ఈ మూల 50 వరకు, అంటే 30 మెట్లు. 1,920 పిక్సెళ్ల వెడల్పును 30తో భాగిస్తే ఒక్కో మెట్టు 64 పిక్సెళ్లు. కంటికి కనపడక ఏమవుతుంది? పది బిట్లలో అదే మెట్టు 16 పిక్సెళ్లకు తగ్గుతుంది. ప్రాజెక్టును 16 బిట్లలో పెట్టి, పైన సన్నటి గ్రెయిన్ చల్లండి. బ్లర్ మాత్రం పెంచకండి, దానివల్ల చారలు పోవు.

లోగో చుట్టూ మసి అంచు వచ్చిందా? ఆ మసి విలువ 191. సగం పారదర్శకంగా ఉన్న తెల్ల పిక్సెల్‌ను నలుపుతో ముందే కలిపి దాచితే, ఫైలులో 255కు బదులు 128 ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ సంగతి తెలియక మళ్లీ సగం చేస్తే 64. కింద తెల్ల నేపథ్యంలోంచి వచ్చే 127 కలిస్తే 191. తెలుపు మీద తెలుపు, మధ్యలో బూడిద గీత. ఫుటేజ్ ఇంటర్‌ప్రెట్ చేసేచోట ‘ప్రీమల్టిప్లైడ్, నలుపు’ అని చెబితే పోతుంది. అంచులు కొరికే ప్లగిన్లు కొనే ముందు ఆ ఒక్క క్లిక్కు చేసి చూడండి.

ప్రివ్యూ ఆగిపోతే అందరూ ప్రాసెసర్‌ను తిడతారు. ముందు గుణకారం చేయాలి. 1920 × 1080 అంటే 20,73,600 పిక్సెళ్లు. ఎరుపు, పచ్చ, నీలం, ఆల్ఫా నాలుగూ ఒక్కో బైటు అనుకుంటే ఫ్రేముకు 8.3 ఎంబీ. పది సెకన్లకు, అంటే 240 ఫ్రేములకు 2 జీబీ. అదే 4కే, 32 బిట్ల ప్రాజెక్టయితే పిక్సెళ్లు నాలుగింతలు, బైట్లు నాలుగింతలు. 240 ఫ్రేములకు దాదాపు 32 జీబీ, మా సిస్టంలో ఉన్న ర్యామంతా అదే. ‘డిస్కులో ఫైలు చిన్నదే కదా’ అంటారు. మడిచిన షామియానా ఆటోలో పడుతుంది, విప్పితే వీధంతా కావాలి. ప్రివ్యూను సగం రిజల్యూషన్‌కు దించితే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోయి 8 జీబీతో సరిపోతుంది.

ట్యూబులైటు కింద తీసిన షాట్ మినుకుమంటుంటే గ్రాఫిక్స్‌తో కుస్తీ పట్టే పని షూటింగులోనే తప్పించుకోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు ఎగసి పడుతుంది. షట్టర్ 1/50 పెడితే ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, 1/60 పెడితే పడవు.

ఇక రెండర్. ఫ్రేముకు 8 నిమిషాలు, 240 ఫ్రేములు: మొత్తం 32 గంటలు. 237వ ఫ్రేము దగ్గర కరెంటు పోయిందనుకోండి. విడి బొమ్మలుగా రాసుకుంటూ ఉంటే మిగిలేది నాలుగు ఫ్రేములు, 32 నిమిషాల పని. నేరుగా ఎంపీ4గా రాస్తుంటే మళ్లీ 32 గంటలు.